పొడవెక్కువైన ఫిషింగ్ రాడ్‌ని ఎటువైపు, ఎంత కోయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఆర్డర్ ఇచ్చి చేయించుకున్న 8 అడుగుల స్పిన్నింగ్ రాడ్, రెండు ముక్కలది, కార్బన్ బ్లాంక్ (రాడ్ అసలు గొట్టం), 10 నుంచి 30 గ్రాముల ల్యూర్ల (కృత్రిమ ఎరల) కోసం. విసురు బాగుంది, చేతికి బరువు అనిపించడం లేదు. కానీ చిన్న పడవలో నిలబడి రీలు తిప్పుతుంటే పిడి వెనక భాగం మాటిమాటికీ లైఫ్ జాకెట్‌కి తగులుకుంటోంది. రీలు కాడ నుంచి బట్ (పిడి వెనక చివర) మీద ఉన్న క్యాప్ చివరి దాకా కొలిస్తే 45 సెంటీమీటర్లు వచ్చింది. అంచేత రాడ్‌ని ఒక అడుగు తగ్గిద్దామనుకుంటున్నారు. కొస వైపు కోయడమే సులువని, కొస రింగు ఊడదీసి, కోసి, మళ్లీ అతికిస్తే అరగంటలో అయిపోతుందని మీ స్నేహితుడు చెప్పారు. ఎటువైపు కోయాలి, ఎంత కోయాలి అని అడిగారు.

కొస వైపు కోయకండి. ముందు ఆ మాట గట్టిగా చెప్పేసి, కారణం తర్వాత చెబుతాను. ఇన్నేళ్లుగా రాడ్లు కడుతూ, బాగుచేస్తూ ఉన్నాను. నా దగ్గరికి వచ్చినవాటిలో ఇక ఏమీ చేయలేక తిప్పి పంపినవి చాలావరకు కొస వైపు కోసినవే.

రాడ్ పొడవు ఎక్కువైంది అని అందరూ ఒకే మాట అంటారు గానీ, అందులో రెండు వేర్వేరు ఇబ్బందులు ఉంటాయి. రీలుకి వెనక ఉన్నది పిడి. రీలుకి ముందు ఉన్నదే అసలు రాడ్. వంగేది, విసిరేది, చేప ఊపుని తట్టుకునేది అంతా ఆ ముందు భాగమే. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ముందు భాగం గురించి మీకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. జాకెట్‌కి తగులుతున్నది వెనక 45 సెంటీమీటర్లు. నొప్పి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయకూడదు కదా.

ఇక కొస సంగతి. బ్లాంక్ అంటే బట్ దగ్గర లావుగా, కొస దగ్గర సన్నగా ఉండే గొట్టం. మీలాంటి రాడ్‌కి కొస 1.8 మిల్లీమీటర్లు, బట్ 12.5 మిల్లీమీటర్లు అనుకుందాం. నిజం రాడ్లలో లావు ఇంత సమంగా పెరగదు, లెక్క కోసం సమంగానే పెరుగుతుందనుకుందాం. 244 సెంటీమీటర్ల పొడవులో ప్రతి 10 సెంటీమీటర్లకి సుమారు 0.44 మిల్లీమీటర్లు లావెక్కుతుంది. మీరు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు కోస్తే కొత్త కొస 3.1 మిల్లీమీటర్లు అవుతుంది. గొట్టం గోడ మందం మారకపోతే, వంగకుండా నిలిచే బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. వ్యాసం రెట్టింపైతే బలం 8 రెట్లు. 1.8 నుంచి 3.1కి వెళితే 5 రెట్ల పైమాటే. అంటే 10 గ్రాముల ల్యూర్‌కి చక్కగా వంగే కొస పోయి, దాని స్థానంలో అయిదు రెట్లు బిర్రుగా ఉండే కొస వస్తుంది. పైగా కొస దగ్గర గైడ్లు (లైన్ దూరి వెళ్లే రింగులు) దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ అడుగుతో పాటు రెండు మూడు గైడ్లు కూడా పోతాయి.

నా తొలి రోజుల్లో ఈ పని నేనే చేశాను. 7 అడుగుల తేలికపాటి రాడ్, 4 గ్రాముల ల్యూర్‌ని గాలికి ఎదురుగా కూడా దూరం పంపేది. పొదల మధ్య నిలబడి వేయడానికి పొట్టిగా ఉంటే బాగుంటుందని కొస నుంచి 15 సెంటీమీటర్లు కోసి, పెద్ద సైజు రింగు అతికించాను. చూడటానికి ఏ లోపమూ లేదు. మర్నాడు అదే ల్యూర్ కట్టి విసిరితే నా ముందే నీళ్లలో పడింది. కొస వంగితేనే కదా అది మళ్లీ నిటారయ్యే ఊపులో ల్యూర్‌ని తోసేది. 10 గ్రాముల బరువు కడితే తప్ప ఆ రాడ్ మేలుకునేది కాదు. చేప మెల్లగా నోట పెట్టుకుంటే చేతికి తెలిసేది కాదు. తగులుకున్న చేపలు కూడా గట్టున పడేలోపే హుక్ చీల్చుకుని పోయేవి, ఎందుకంటే తల విదిలింపుని మింగాల్సిన మెత్తని భాగం నా బల్ల కింద చెత్తలో ఉంది. దాన్ని తిరిగి పెట్టే దారి లేదు.

కొస కోయడం పూర్తిగా నిషేధం కాదు. కొస విరిగిపోతే విరిగిన చోటికి కాస్త కిందగా శుభ్రంగా కోసి కొత్త రింగు పెట్టక తప్పదు. రెండు మూడు సెంటీమీటర్లు పోతే చాలా రాడ్లలో చేతికి పెద్దగా తేడా తెలియదు. కానీ బాగున్న కొసని పొడవు కోసం కోయడం వేరే సంగతి.

కాబట్టి మీ రాడ్‌ని బట్ వైపు కోయాలి. పిడి లోపల ఉన్న బ్లాంక్ దాదాపు వంగదు. అక్కడ కొంత పోయినా విసురులో, ల్యూర్ బరువులో, గైడ్ల లెక్కలో ఏ మార్పూ రాదు. గైడ్లు మళ్లీ సర్దాలా అని మీరు చివర్లో అడిగారు. అక్కర్లేదు. రీల్ సీట్, అంటే రీలుని బిగించే చోటు, కదలడం లేదు కాబట్టి రీలుకి, మొదటి గైడ్‌కి మధ్య దూరం అలాగే ఉంటుంది.

ఎంత కోయాలన్నదే అసలు ఆలోచించాల్సిన విషయం. ఇక్కడ మీ ఒక అడుగు లెక్క నాకు భయం వేస్తోంది.

చేప తగిలాక మీరు బట్‌ని పొట్టకి ఆనించి, రీలు దగ్గరి చేత్తో రాడ్‌ని పైకి లేపుతారు. అప్పుడు ఆ రాడ్ ఒక తులాదండం. ఆనిన చోటే ఇరుసు. వంగి ఉన్న రాడ్ మీద లైన్ లాగుడు ఆ ఇరుసు నుంచి 150 సెంటీమీటర్ల దూరంలో పడుతోందని, లాగుడు 2 కిలోలని అనుకోండి. ఇప్పుడు మీ చేయి ఇరుసుకి 45 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 2ని 150తో గుణించి 45తో భాగిస్తే మీ చేతి మీద పడే బరువు సుమారు 6.7 కిలోలు. 12 సెంటీమీటర్లు కోస్తే వెనక 33, ఇరుసు నుంచి లైన్ లాగుడు దాకా ఉన్న ముందు దూరం 138 అవుతుంది. చేతికి 8.4 కిలోలు. తెలుస్తుంది గానీ ఓపలేనిది కాదు. 30 సెంటీమీటర్లు కోస్తే వెనక 15 మాత్రమే మిగులుతుంది, ముందు 120. చేతికి 16 కిలోలు. అదే చేప, అదే లైన్, మీ మణికట్టు మీద దాదాపు రెండున్నర రెట్ల భారం. అంత పొట్టి పిడిని మోచేతి కింద ఆనించుకోవడానికీ ఉండదు, రెండో చెయ్యి వేసి విసరడానికీ ఉండదు. 30 గ్రాముల ల్యూర్ విసరాలంటే రెండో చెయ్యి కావాల్సిందే.

ఒంటికి సరిపోయే కొలత ఇలా చూసుకోండి. రీలు తగిలించి, మామూలుగా పట్టుకునేలా రీలు కాడ వేళ్ల మధ్య పెట్టుకుని, రాడ్‌ని ముంజేతికి ఆనించండి. బట్ చివర మోచేయి దగ్గరికి వచ్చి ఆగాలి, దాన్ని దాటి బయటికి పొడుచుకు రాకూడదు. పడవలో, జాకెట్ వేసుకుని ఉండేవాళ్లకి మోచేతికి ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలే ఆగితే ఇంకా హాయి. చాలామంది పెద్దవాళ్లకి ఇది 30కి, 36కి మధ్య వస్తుంది. కొలిచేటప్పుడు జాకెట్ వేసుకునే కొలవండి. గదిలో బనీనుతో తీసిన కొలత పడవలో పనికిరాదు.

కొలిచారు కదా అని వెంటనే రంపం తీయొద్దు. కోయకుండానే కోసినట్టు చూసుకునే మార్గం ఒకటుంది. మీ వెనక పిడి మొత్తం ఒకే కార్క్ అన్నారు కాబట్టి ఇది మీకు సులువు. రీలుని సీట్ నుంచి తీసి, 12 సెంటీమీటర్లు వెనక్కి జరిపి, కార్క్ మీదే పెట్టి, రీలు పాదం ముందూ వెనకా ఎలక్ట్రికల్ టేప్‌తో ఆరేడు చుట్లు గట్టిగా బిగించండి. కార్క్ మీద రీలుని ఇలా టేప్‌తో కట్టుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, అలాంటి పిడిని టెనెసీ హ్యాండిల్ అంటారు. ఇప్పుడు రీలు వెనక సరిగ్గా 33 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు భాగం 12 సెంటీమీటర్లు పెరిగినట్టు ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. తేలికైన ల్యూర్ కట్టి, మెల్లగా విసురుతూ ఒక పూట పడవలో గడపండి. జాకెట్‌కి తగులుతోందా, రెండో చెయ్యి ఎక్కడ పడుతోంది, మోచేయి ఎక్కడ ఆనుతోంది చూడండి. ఇంకా తగులుతుంటే రెండు సెంటీమీటర్లు జరిపి మళ్లీ చూడండి. కార్క్ మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఈ ఒక్క పూట ఓపిక పట్టినవాళ్లలో ముందు అనుకున్నంత కోసినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. దాదాపు అందరూ తగ్గించుకున్నారు.

ఈ పరీక్షలో మీకు వెనక భాగం కాదు, నిజంగా ముందు భాగమే పొడవనిపిస్తే, అంటే చేపని పడవ పక్కకి తెచ్చుకోవడం కష్టమవడం, కొమ్మల కింద విసరలేకపోవడం లాంటివి ఉంటే, అప్పుడు పని వేరు. పిడి మొత్తం ఊడదీసి, రీల్ సీట్‌ని బ్లాంక్ మీద పైకి జరిపి, మిగిలిన బట్‌ని కింద కోయాలి. కొస మెత్తదనం అలాగే ఉంటుంది, ల్యూర్ బరువు మారదు, ఎత్తే బలం మాత్రం కొద్దిగా తగ్గుతుంది, ఎందుకంటే అన్నిటికంటే లావైన భాగం పోయింది. సీట్ కూర్చునే చోట బ్లాంక్ సన్నగా ఉంటుంది కాబట్టి లోపలి ఖాళీని నింపే బుష్‌లు కొత్తవి కావాలి. మొదటి గైడ్ రీలుకి మరీ దగ్గరవుతుంది కాబట్టి దాన్ని కూడా జరపాల్సి రావచ్చు. అప్పుడు లైన్ ఎక్కించి, కొసకి బరువు కట్టి రాడ్‌ని బాగా వంచి, లైన్ బ్లాంక్ వంపుని దగ్గరగా అనుసరిస్తోందా, రెండు గైడ్ల మధ్య ఎక్కడైనా తీగలా అడ్డంగా సాగుతోందా చూసి గైడ్ల చోట్లు తేల్చాలి. ఇది మొదటిసారి చేసేవాళ్ల పని కాదు. కట్టినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి, లేదా ఆ రాడ్‌ని అలాగే ఉంచి పొట్టిది ఇంకోటి చేయించుకోండి. నేనైతే రెండోదే చేస్తాను.

ఇంకో మాట. సర్దుకుని తీసుకెళ్లడానికి పొట్టి అవుతుందన్న ఆశ కూడా మనసులో ఉంటే, బట్ కోస్తే ఆ లాభం రాదు. రెండు ముక్కల్లో కింది ముక్క మాత్రమే పొట్టి అవుతుంది, పై ముక్క అంతే పొడవు ఉంటుంది. అది కూడా తగ్గించాలని జాయింట్ దగ్గర మాత్రం పొరపాటున కూడా రంపం పెట్టొద్దు. ఆ రెండు అంచులూ ఒకదానిలో ఒకటి బిగుసుకునే కొలతకి చేసినవి. అక్కడ కోస్తే ఇక ఆ రెండూ కలవవు.

మీ విషయంలో బట్ కోత ఇంట్లో చేసుకోగలిగిన పనే. అయినా చేయించుకున్న రాడ్ కాబట్టి, ముందు కట్టినవాళ్లకి ఒక ఫోన్ చేయండి. మూడు విషయాలు అడగాలి. బ్లాంక్ బట్ చివరి దాకా ఒకటే వెళ్లిందా, లేక వెనక వేరే గొట్టం అతికించారా. క్యాప్ లోపల బరువు ఏమైనా పెట్టారా. కోస్తే వాళ్లు ఇచ్చిన హామీ ఉంటుందా. చాలాసార్లు ఆ ఫోన్‌తోనే పని అయిపోతుంది, తెచ్చి ఇవ్వండి, చేసిస్తాం అంటారు. వాళ్లు చేస్తే మీరు చేసిన దానికంటే అందంగానే ఉంటుంది.

మీరే చేస్తానంటే, ముందు క్యాప్. రబ్బరు క్యాప్ అయితే బాగా వేడిగా ఉన్న నీళ్లలో బట్ చివరని కొన్ని నిమిషాలు ఉంచితే లోపలి జిగురు మెత్తబడుతుంది. గుడ్డతో పట్టుకుని మెలితిప్పుతూ లాగండి. మంట మాత్రం వద్దు. లైటరు, గ్యాస్ పొయ్యి, ఏదీ వద్దు. ఎపాక్సీ జిగురుని మెత్తబరిచే వేడి కాస్త హద్దు దాటితే బ్లాంక్‌లో కార్బన్ పోగుల్ని కలిపి ఉంచిన రెజిన్‌ని కూడా పాడుచేస్తుంది. క్యాప్ రాకపోతే చాకుతో చీల్చి తీసేయండి, కొత్త క్యాప్ వేసుకోవచ్చు.

గీత గీయడంలో తొందరపడొద్దు. క్యాప్ అడుగు మందం కూడా 33లో భాగమే. అది 4 మిల్లీమీటర్లు ఉంటే కోత 32.6 దగ్గర పడాలి. నిటారు అంచు ఉన్న కాగితం పట్టీని పిడి చుట్టూ చుట్టి, దాని రెండు కొనలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చేస్తే ఆ అంచే మీ గీత. దాని మీదుగా మాస్కింగ్ టేప్ రెండు వరసలు బిగుతుగా చుట్టి, టేప్ మీద మళ్లీ గీయండి. టేప్ లేకపోతే కోత అంచున పోగులు లేస్తాయి.

రాడ్‌ని బెంచ్ వైస్ దవడల మధ్య బిగించకండి. కార్బన్ గొట్టానికి వంపులో ఎంత బలమో, పక్కల నుంచి నొక్కితే అంత పిరికి. పైకి కనపడని చీలిక పడి, ఎప్పుడో పెద్ద చేప తగిలినప్పుడు బయటపడుతుంది. ఇదే కారణంగా పైపులు కోసే చక్రం కట్టర్, కటింగ్ ప్లయర్ కూడా పనికిరావు. రెండు చెక్కముక్కలకి వి ఆకారంలో గాడి పెట్టి, ఒకటి పట్టుకునే వైపు, ఒకటి తెగి పడబోయే వైపు ఉంచి రాడ్‌ని వాటిలో పడుకోబెట్టండి. రెండో చెక్క తప్పనిసరి. తెగే ముక్క గాలిలో వేలాడితే చివరి కొద్ది పోగులు తెగకుండా చిట్లి, బ్లాంక్ పొడవునా పైకి పాకుతాయి.

రంపం అంటే అంగుళానికి 32 పళ్లు ఉన్న సన్న హ్యాక్‌సా బ్లేడు. సన్న కటింగ్ డిస్క్ ఉన్న చేతి గ్రైండర్ ఉంటే ఇంకా శుభ్రంగా వస్తుంది గానీ, చెయ్యి జారితే నష్టం కూడా అంతే వేగంగా జరుగుతుంది. బ్లేడుతో మొదట కార్క్ మాత్రం చుట్టూ తెగేలా రాడ్‌ని తిప్పుతూ కోయండి. నల్లటి బ్లాంక్ కనపడగానే నెమ్మదించండి. అక్కడ ఒకేచోట లోతుకి దిగకుండా, నాలుగైదు తేలిక లాగుళ్లు, కాస్త తిప్పడం, మళ్లీ నాలుగైదు లాగుళ్లు. చుట్టూ సన్నటి గాడి పూర్తయి రెండు కొనలూ కలిశాకే లోపలికి వెళ్లండి. బ్లేడు బరువే చాలు, మీరు నొక్కనక్కర్లేదు. గొట్టం తెగే ముందు శబ్దం మారుతుంది, గరగర కాస్తా డొల్లగా వినపడుతుంది. అప్పటి నుంచి ఇంకా తేలిగ్గా.

కార్బన్ దుమ్ము గురించి ఒక్క నిమిషం. అది పీల్చకూడదు, చర్మంలో దిగితే దురద పెడుతుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. కోత మీద తడిగుడ్డ అద్దుతూ ఉంటే దుమ్ము లేవదు. ఆ దుమ్ముకి కరెంటు పాకుతుంది, అందుకని ప్లగ్ బోర్డులు, కంప్యూటర్ ఉన్న గదిలో ఈ పని వద్దు. అయిపోయాక ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

తెగిన అంచుని 400 నంబర్ సాండ్ పేపర్‌తో తడిపి, బయటి నుంచి లోపలికి రుద్దండి. లోపలి నుంచి బయటికి రుద్దితే పోగులు పైకి లేస్తాయి. ఆరాక ఆ అంచుకి ఎపాక్సీ పల్చగా పూసి, గొట్టం లోపలికి 1 సెంటీమీటరు మందాన కార్క్ బిరడా ఒకటి చెక్కి అతికించండి. బట్ చివరని మనం పడవ అడుగున టక్కున ఆనిస్తూ ఉంటాం కదా, ఆ దెబ్బ ఉత్త గొట్టం అంచు మీద పడితే పగులుతుంది. బిరడా దాన్ని మోస్తుంది, నీళ్లు లోపలికి పోకుండా కూడా ఆపుతుంది.

క్యాప్ కూర్చోవాలంటే కార్క్ చివరని క్యాప్ లోతు మేరకి సన్నం చేయాలి. పైన మిగలాల్సిన కార్క్ మొదలుకి టేప్ చుట్టి ఉంచితే సాండ్ పేపర్ అటు పాకదు. పట్టీలా కత్తిరించిన సాండ్ పేపర్‌ని బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగుతూ, రాడ్‌ని కొంచెం కొంచెం తిప్పుతూ ఉండండి. పది లాగుళ్లకొకసారి క్యాప్ పెట్టి చూడండి. వేళ్లతో నెట్టితే బిగుతుగా ఎక్కాలి, అంతకంటే వదులు కాకూడదు.

జిగురు రెండు భాగాల ఎపాక్సీ, సమంగా కలపాలి. ఇక్కడ చాలామందికి అయ్యే ఇబ్బంది ఒకటి. క్యాప్ నెట్టగానే లోపలి గాలి ఎటూ పోలేక దాన్ని మళ్లీ బయటికి తోస్తుంది. చూస్తూ ఉండగానే 2, 3 మిల్లీమీటర్లు బయటికి వచ్చి అలాగే గట్టిపడిపోతుంది. దీనికి ఫిషింగ్ లైన్ ముక్క ఒకటి కార్క్ పక్కన ఆనించి, దాని మీదుగా క్యాప్ నెట్టండి. లైన్ పక్కనుంచి గాలి బుస్సుమని బయటికి పోతుంది. క్యాప్ పూర్తిగా కూర్చున్నాక ఆ లైన్‌ని మెల్లగా లాగేయండి. కారిన ఎపాక్సీని వెంటనే తుడిచి, టేప్‌తో క్యాప్‌ని అడ్డంగా నిలువుగా కట్టి, ఒక రోజంతా ముట్టుకోకండి.

ఇక తూకం. బట్ నుంచి బరువు పోయింది కాబట్టి రాడ్ ముందుకి కాస్త వాలినట్టు ఉంటుంది. ఎంత వాలుతుందో లెక్క వేద్దాం. 12 సెంటీమీటర్ల కార్క్, బ్లాంక్ కలిపి 15 గ్రాములు, క్యాప్ 12 గ్రాములు అనుకోండి. పోయిన ముక్క మధ్యభాగం రీలు కాడకి 39 సెంటీమీటర్ల దూరంలో ఉండేది. 15ని 39తో గుణిస్తే 585. క్యాప్ 12 సెంటీమీటర్లు దగ్గరికి జరిగింది, 12ని 12తో గుణిస్తే 144. కలిపితే 729. కొత్త బట్ చివర 33 సెంటీమీటర్ల దగ్గర ఉంది కాబట్టి 729ని 33తో భాగిస్తే 22 గ్రాములు. అంత బరువు క్యాప్‌లో పెడితే పాత తూకం తిరిగి వస్తుంది.

పెట్టమని మాత్రం వెంటనే చెప్పను. రాడ్ మొత్తం మీద బరువు పెరగడం కూడా చేతికి అలసటే. బరువు లేకుండా రెండు మూడుసార్లు వెళ్లి రండి. సాయంత్రానికి మణికట్టు లాగుతుంటే, 20 గ్రాముల బరువుకి నాణేలు గానీ, సీసపు గుండు గానీ బట్ చివర టేప్‌తో కట్టి ఇంకోసారి వెళ్లండి. తేడా మీ చేతికి తెలిస్తేనే శాశ్వతంగా పెట్టండి. ఒక్కోసారి కాస్త బరువైన రీలే ఆ పని చేస్తుంది.

చివరిగా, కోసిన 12 సెంటీమీటర్ల ముక్కని పారేయకండి. దాని మీద రాడ్ పేరు రాసి దాచండి. కొస వైపు కోస్తే తిరుగు లేదన్నాను, బట్ వైపు కోస్తే ఉంది. ఆరు నెలలకి మీకు పొడవు పిడే మేలనిపిస్తే, క్యాప్, బిరడా తీసేసి, బ్లాంక్ లోపల బిగుతుగా పట్టే కార్బన్ గొట్టం ముక్క 12 సెంటీమీటర్లది తీసుకుని, సగం రాడ్‌లో, సగం కోసిన ముక్కలో ఎపాక్సీతో అతికించి మళ్లీ కలపవచ్చు. క్యాప్ కోసం సన్నం చేసిన చోట కొత్త కార్క్ ఉంగరం వేయాల్సి వస్తుంది, అంతే. ఆ అతుకు వంగని చోట, కార్క్ లోపల ఉంటుంది కాబట్టి చేపకీ తెలియదు, చేతికీ తెలియదు.